పెద్ద తుపాకీ కొనేముందు చేతిలో పట్టి చూడండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రుల అనుభవాలు మీ ఆదివారం సంచికలో వేస్తున్నారు. ఈమధ్య అందులో ఒక పెద్దాయన, కొడుకుతో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి అక్కడున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద పిస్తోలు అడిగి మరీ కాల్చానని, రెండు రోజులు మణికట్టు వాచిపోయిందని, అయినా జన్మకొకసారి కాల్చాల్సిందేనని రాశారు. చదివాక నాకు మనసు ఊరుకోలేదు. ఆయన సంతోషాన్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తుపాకీ కాల్చడంలో నిజంగానే ఆనందం ఉంది. కానీ వాచిన మణికట్టు ఆ ఆనందంలో భాగం కాదు. తుపాకీ సరిగ్గా ఎంచుకోలేదని చెప్పే గుర్తు అది.

మాది కడప జిల్లా. బెంగళూరు ఎంఈజీలో, అంటే మద్రాస్ సాపర్స్‌లో, 28 ఏళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. అల్సూరు చెరువు పక్కనే మా సెంటర్. పదవీ విరమణ తర్వాత ఊరికి పోకుండా ఇక్కడే రామమూర్తినగర్‌లో ఉండిపోయాను. సర్వీసులో కొన్నేళ్లు యూనిట్ కోత్ బాధ్యత నాది. కోత్ అంటే ఆయుధాలు భద్రపరిచే గది. ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 9 మి.మీ. పిస్తోళ్లను ఎన్నిసార్లు విప్పి, తుడిచి, నూనె రాసి బిగించానో లెక్కలేదు. చాంద్‌మారీ రోజున, అంటే కాల్పుల సాధన రోజున, కాల్చినవాళ్ల చేతుల కేసి చూసేవాణ్ణి. గురి తప్పడానికి కారణం చాలాసార్లు కంట్లో ఉండదు, చేతిలో ఉంటుంది.

మా వీధిలో పొద్దున నాతో నడిచే తెలుగువాళ్లలో సగం మంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు. "సుబేదార్ గారూ, మావాడు తుపాకీ కొంటానంటున్నాడు, ఏది మంచిదో కాస్త చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెబుతున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మా చెల్లెలి కొడుకు డాలస్ పక్కన ఉంటాడు. అక్కడి పౌరుడే. గత వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్లడానికి నెల ముందు ఫోన్ చేసి, "మామా, ఫార్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్ తీసుకుందామనుకుంటున్నా. నువ్వు వచ్చేలోపు కొంటా, ఇద్దరం కలిసి కాలుద్దాం" అన్నాడు.

"దేనికిరా?" అన్నాను.

"రేంజ్‌లో సరదాకి, మామా. పేపరు టార్గెట్ మీద."

"పోయినప్పుడల్లా ఎన్ని తూటాలు కాలుస్తావు?"

"వందన్నా కాల్చకపోతే ఎట్లా?"

"నేనొచ్చేదాకా కొనొద్దు. ముందు అద్దెకు తీసుకుని కాలుద్దాం" అని చెప్పాను. అక్కడ చాలా రేంజ్‌లలో తుపాకులు అద్దెకిస్తారు. కొన్నాక నచ్చకపోతే పెద్ద నష్టం, అద్దెకు తీసుకుంటే పోయేది కొద్దిపాటి డబ్బే.

తుపాకీ సంగతి చెప్పేముందు చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మీ సంచికలో రాసిన పెద్దాయన కూడా ఈ విషయం ఎత్తలేదు. బీ2 విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులైనా, హెచ్1బీ మీద ఉద్యోగం చేసే పిల్లలైనా, ఎఫ్1 మీద చదువుకునే పిల్లలైనా అందరూ అక్కడి చట్టం దృష్టిలో నాన్ ఇమిగ్రెంట్లే. అలాంటివాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. రేంజ్‌లో అద్దె తుపాకీ చేతిలోకి తీసుకున్నా అది వర్తిస్తుంది. ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల వరకు పడొచ్చు, ఆపైన వీసా, గ్రీన్‌కార్డు ఆశలు కూడా పోవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ, పౌరులకూ ఈ ఇబ్బంది లేదు. కౌంటర్ దగ్గర అడగలేదు కదా అని కాల్చేసి, ఆ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్న పిల్లలను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. నేను టెక్సస్‌లో బయటి వాళ్లకిచ్చే వేట లైసెన్స్ తీసుకున్న తర్వాతే రేంజ్‌లో అడుగుపెట్టాను. వేటాడాలని కాదు, కాగితం సక్రమంగా ఉండాలని. 1971 సెప్టెంబరు 2కు ముందు పుట్టినవాళ్లకు అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా అవసరం లేదు కాబట్టి నా వయసువాళ్లకు అది కష్టమైన పని కాదు.

రేంజ్‌లో ముందుగా .22 పిస్తోలు, అంటే చేతిని చాలా తక్కువగా తన్నే చిన్నది, తీసుకోమన్నాను. మేనల్లుడికి నచ్చలేదు. అయినా యాభై తూటాలు కాల్పించాను. చేతులు కుదురుకున్నాక, వాడు కలలుగన్న .44 మాగ్నమ్ అద్దెకు తీసుకున్నాం. నాలుగు అంగుళాల గొట్టం. ఆరు గదుల్లో ఆరు తూటాలు. మొదటిది కాల్చి నవ్వాడు. రెండోది కాల్చి నవ్వలేదు. నాలుగో తూటా టార్గెట్ కింద నేలకు తగిలింది. ఆరోదాని తర్వాత తుపాకీని బల్ల మీద పెట్టి చేయి విదిలించుకున్నాడు. అప్పుడు వాడికి లెక్క చెప్పాను.

.44 మాగ్నమ్ బుల్లెట్ మామూలుగా 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు. అది సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో పోతుంది. .45 ఏసీపీ అనేది ఇంకో పెద్ద పిస్తోలు తూటా, దాని బుల్లెట్ 230 గ్రెయిన్లు, పదిహేను గ్రాములకు కాస్త తక్కువ. బరువులో తేడా లేనట్టే. కానీ దాని వేగం సెకనుకు 255 మీటర్ల దాకా, శబ్ద వేగం కన్నా తక్కువ. తుపాకులు రెండూ ఒకే బరువుంటే మాగ్నమ్ చేతిని వెనక్కి తన్నే శక్తి .45 కన్నా రెండింతలకు పైనే ఉంటుంది. 'పెద్ద బోరు' అని రెండిటినీ ఒకే గాటన కట్టేవాళ్లు ఈ తేడా గమనించరు. బోరు అంకె బుల్లెట్ లావు ఎంతో చెబుతుంది. చేతిని ఎంత గట్టిగా తన్నుతుందో చెప్పదు.

తర్వాత .45లో 1911 మోడల్, ఐదు అంగుళాల గొట్టం, పూర్తి ఉక్కుది తెప్పించాను. ఖాళీగా ఉన్నప్పుడే కిలోకు పైన, దాదాపు 1,100 గ్రాములు. మేనల్లుడు భయంభయంగా పట్టుకున్నాడు. ఏడు తూటాలు కాల్చి నా వైపు తిరిగి, "మామా, ఇది కొట్టడం లేదు, నెడుతోంది" అన్నాడు. నేను ఏళ్ల తరబడి జవాన్లకు చెప్పాలని ప్రయత్నించి సరిగా చెప్పలేకపోయిన మాట అది. 9 మి.మీ. తూటాలో పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల దాకా పోతుంది, .45లో 21,000 దగ్గరే ఆగుతుంది. అందుకే తేలికపాటి 9 మి.మీ. పిస్తోలు చటుక్కున ఎగురుతుంది, బరువైన .45 మెల్లగా తోస్తుంది. మోత కూడా బొంగురుగా ఉంటుంది, చెవిలో గుచ్చుకునేలా ఉండదు.

ఇంకొకటి చెప్పాలి. 1911ను రూపొందించిన జాన్ బ్రౌనింగే మా ఆర్మీ 9 మి.మీ. పిస్తోలుకు మూలమైన హై పవర్‌ను కూడా మొదలుపెట్టారు. 1926లో ఆయన పోయాక బెల్జియంలో దాన్ని పూర్తి చేశారు, 1935లో అది బయటికొచ్చింది. నా చేతికి హై పవర్ పిడి ఎంతో అలవాటు. అయినా దాని సుత్తి (తూటాను పేల్చే వెనక భాగం) నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని కొరికిన మచ్చ ఇప్పటికీ ఉంది. 1911 మోడల్‌కు 1920లలో వెనక తోక పొడుగు చేసింది సరిగ్గా ఆ కొరుకుడు తప్పించడానికే. ఇలాంటి చిన్న సంగతులు ప్రకటనల్లో కనిపించవు, వంద తూటాలు కాల్చాక చేతికి తెలుస్తాయి.

మా కోడలిది, అంటే మేనల్లుడి భార్యది, ఇంకో అనుభవం. అంతకుముందు ఏడాది వాళ్లిద్దరూ ఒక దుకాణానికి వెళితే, అక్కడి మనిషి "ఆడవాళ్లకు ఇదే సరిపోతుంది" అని అరకిలో కూడా లేని చిన్న రివాల్వర్ చేతికిచ్చాడట. పక్కనే ఉన్న రేంజ్‌లో రెండుసార్లు కాల్చి, చేయి ఎర్రబడి, ఇక జన్మలో తుపాకీ ముట్టనని ఒట్టేసుకుందట. ఆ దుకాణం పేరు రాయను. కానీ ఆ సలహా మాత్రం శుద్ధ తప్పు. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. ఒకే .45 తూటాను 1,100 గ్రాముల పిస్తోలులోనూ, 700 గ్రాముల చిన్న పిస్తోలులోనూ కాలిస్తే, చిన్నదాని తన్ను ఒకటిన్నర రెట్లు ఉంటుంది. జేబులో పెట్టుకు తిరగడానికి తేలికదనం కావాలి. రేంజ్‌లో బల్ల దాకా మోసుకెళ్లే తుపాకీకి బరువే మేలు. మన కాన్పూరులో 2014లో తెచ్చిన నిర్భీక్ .32 రివాల్వర్ అరకిలో బరువే. హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోవడానికి చేసింది కాబట్టి అది సరే. దాన్ని చూసి రేంజ్‌కు కూడా తేలికైనదే కావాలనుకోకూడదు. ఆ రోజు మా కోడలు ఉక్కు 1911తో ఏడు తూటాలు కాల్చి, తనంతట తానే ఇంకో మ్యాగజైన్ (తూటాల పెట్టె) అడిగింది. మా ఆవిడ అద్దం వెనక నుంచి చూసి చప్పట్లు కొట్టింది.

చేతికి సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలని మా వీధి వాళ్లు అడుగుతారు. ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జారే భాగం) లాగి, తూటా కూర్చునే గది ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. ఆ తర్వాత బొటనవేలి సందు పిడి వెనక వీలైనంత పైకి వచ్చేలా పట్టుకోండి. గొట్టం మీ ముంజేతికి తిన్నగా ఉండాలి. అలా ఉన్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తభాగం ట్రిగ్గర్ మీద పడాలి. వేలు అందక పిడిని పక్కకు తిప్పుకోవాల్సి వస్తే, తన్ను అంతా బొటనవేలి ఎముక మీద పడుతుంది. అలాంటి తుపాకీ ఎంత పేరున్నదైనా మీది కాదు. డబుల్ వరస మ్యాగజైన్ ఉన్న .45 పిస్తోళ్ల పిడి లావు. నాలాంటి చిన్న చేతులకు 1911లా ఒంటి వరస మ్యాగజైన్ ఉన్నది నయం. మా మేనల్లుడి చేతులు పెద్దవి, అయినా సన్నని పిడే వాడికి నచ్చింది.

వయసు మళ్లినవాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. స్లైడ్ వెనక్కి లాగడం. .45 స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది, వేళ్ల కీళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. వాళ్లకు నేను చెప్పేది .357 మాగ్నమ్ ఉక్కు రివాల్వర్, ఆరు అంగుళాల గొట్టం, రబ్బరు పిడి. అందులో .38 స్పెషల్ తూటాలు కాల్చుకోవచ్చు. మెత్తగా ఉంటుంది, లాగాల్సిన స్లైడ్ లేదు, సుత్తి వెనక్కి పెట్టి కాలిస్తే ట్రిగ్గర్ కూడా తేలిక. .44 మాగ్నమ్ ఇష్టమైనవాళ్లు కూడా అదే పని చేయొచ్చు, అందులో .44 స్పెషల్ వేసి కాల్చొచ్చు. దాని తన్ను ఇంచుమించు .45 అంతే. తిరగేసి మాత్రం చేయకూడదు. స్పెషల్ కోసం చేసిన తుపాకీలో మాగ్నమ్ తూటా పట్టదు. అరిగిపోయిన గదుల్లో బలవంతంగా దూర్చే ప్రయత్నం అసలు చేయొద్దు.

ఆ రోజు మధ్యాహ్నం మేనల్లుడి మీద మా పాత పరీక్ష ఒకటి పెట్టాను. మ్యాగజైన్‌లో నాలుగు అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటా పెట్టి, ఎక్కడుందో చెప్పకుండా చేతికిచ్చాను. మూడోసారి 'టక్' అంది, తూటా పేలలేదు. కానీ పిస్తోలు ముక్కు రెండు అంగుళాలు కిందకు దిగింది. తుపాకీ తన్నబోతుందని చేయి ముందే భయపడి కిందకు నొక్కేసింది. మాగ్నమ్ ఆరు తూటాలు నేర్పిన పాడు అలవాటు అది. మళ్లీ .22 ఇచ్చి ఇంకో వంద కాల్పించాక గానీ పోలేదు. కండబలం ఎక్కువ ఉన్నవాళ్లకు ఈ భయం రాదని చాలామంది అనుకుంటారు. నేను చూసినవాళ్లలో పహిల్వాన్లు కూడా ఉన్నారు. మనసుకు తెలియకుండానే వచ్చే భయం అది, తన్ను తక్కువున్న తుపాకీతోనే బాగా అలవాటు పడినవాడికి అంతగా రాదు.

చెవుల గురించి కూడా రాయాలి. మూసిన హాలులో .357, .44 లాంటివి పేలితే గోడలు తిరిగి కొడతాయి. లోపల స్పాంజి ప్లగ్గులు, పైన మఫ్లు, రెండూ ఉండాల్సిందే. మా కాలంలో చెవిలో దూది పెట్టుకుని కాల్చేవాళ్లం. నా ఎడమ చెవికి ఇప్పుడు టీవీ వార్తలు సగమే వినిపిస్తాయి. కళ్లద్దాలు, మెడ దాకా బొత్తాలు పెట్టిన చొక్కా తప్పనిసరి, వేడి ఖాళీ కేసు మెడలో పడితే తుపాకీ ఎటు తిప్పుతారో చెప్పలేం. కాల్పులయ్యాక సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. తూటాల్లో, పొగలో సీసం ఉంటుంది. గర్భిణులు ఆ హాలులోకి పోకపోవడమే మంచిది, చిన్నపిల్లలను కూడా తీసుకెళ్లొద్దు. ఆ రేంజ్ నేల మీద ఇత్తడి ఖాళీ కేసులు చెదిరిపడి ఉంటే నాకు కాళ్లు ఆడలేదు. మా చాంద్‌మారీలో ఒక్క ఖోఖా (ఖాళీ కేసు) తగ్గినా చీకటి పడేదాకా గడ్డిలో వెతికేవాళ్లం. వంగి ఏరుతుంటే మేనల్లుడు భుజం పట్టి లేపాడు.

ఇక్కడ, మన బెంగళూరులో, ఇదంతా కుదరదు. 9 మి.మీ. మన దేశంలో ప్రొహిబిటెడ్ బోరు, మామూలు పౌరులకు లైసెన్స్ రాదు. పిల్లలకు ఆసక్తి ఉంటే రైఫిల్ క్లబ్బులో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టించండి. ఆ తర్వాత .22. పోటీల్లో 'పెద్ద బోరు' అనదగ్గది 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్. నిదానంగా 30, వేగంగా 30, మొత్తం 60 గుళ్లు. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసింది ఇందులోనే. ఈ పోటీలో 7.62 నుంచి 9.65 మి.మీ. దాకా ఏ బోరైనా వాడొచ్చు. అంత వెసులుబాటు ఉన్నా ప్రపంచమంతటా ఎక్కువమంది ఎంచుకునేది .32 వాడ్‌కట్టర్ తూటా, అంటే ముక్కు చదునుగా ఉండి కాగితం మీద గుండ్రటి రంధ్రం చేసేది. ప్రపంచ స్థాయిలో పతకాలు కొట్టేవాళ్లే మెత్తని తూటా ఏరుకుంటుంటే, శని ఆదివారాలు సరదాకి కాల్చే మన పిల్లలకు మాగ్నమ్ దేనికి?

మేనల్లుడు చివరికి 1911 కొన్నాడు. దాంతోపాటు ఒక .22 కూడా. రేంజ్‌కు వెళ్లినప్పుడల్లా ముందు .22తో యాభై, తర్వాత .45తో యాభై, మళ్లీ చివర్లో .22తో ఇరవై కాలుస్తున్నాడు. ఖర్చు కూడా సగం కలిసొస్తోందట. పోయిన ఆదివారం టార్గెట్ కాగితం ఫొటో పంపాడు. ఏడు గజాల దూరం, .45 రంధ్రాలన్నీ చాయ్ సాసరంత వలయంలో ఉన్నాయి. రెండు మాత్రం ఎడమ పక్కకు పోయాయి. ట్రిగ్గర్ మీద వేలి కొస మాత్రమే ఆనుతోందేమో చూసుకోమని రాశాను.

ఎడిటర్ గారూ, ఒక మనవి. ఇకమీద అమెరికా రేంజ్‌ల అనుభవాలు వేసినప్పుడల్లా, వీసా మీదున్నవాళ్లకు అక్కడి చట్టం ఏమంటుందో దాని కిందే నాలుగు లైన్లు వేయండి. మా వీధిలో ఒకరి అబ్బాయి హెచ్1బీ మీద ఉన్నాడు. వచ్చే నెల తల్లిదండ్రులను రేంజ్‌కు తీసుకెళ్తానంటున్నాడు. వాళ్లకు చూపించడానికి ఈ ఉత్తరం కత్తిరించి పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సుబేదార్, మద్రాస్ సాపర్స్
రామమూర్తినగర్, బెంగళూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)